మాతమ్మకు తల ఎవరిది? మొండెం ఎవరిది?

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరకు హాస్టల్ నుంచి గుంపుగా వెళ్ళిన వాళ్ళందరికీ వేషాల వరస తెలుసు. బైరాగి, బండ, తోటి, దొర, ఆ తర్వాత మాతంగి. దొర వేషంలో పాలెగాణ్ణి చంపిన అమ్మ, మాతంగి వేషంలో అతని భార్యను ఓదారుస్తుందని చెబుతారు. ఒక జాతర రాత్రి తిరిగొచ్చాక మా గదిలో "ఇంతకీ ఈ మాతంగి ఎవరు? మా ఊరి మాతమ్మేనా?" అన్న ప్రశ్న లేచింది. సత్యవేడు వైపు మిత్రుడు ఒకటి చెప్పాడు, పుంగనూరు వైపు మిత్రుడు ఇంకొకటి చెప్పాడు. లైట్లు ఆర్పే వేళయినా తగువు తెగలేదు. ఆ తగువే ఈ వ్యాసానికి మూలం.

ఇద్దరూ ఒప్పుకున్న భాగం ఇది. జమదగ్ని మహర్షి భార్య రేణుక మీద కోపించి, ఆమె తల నరకమని కొడుకు పరశురాముణ్ణి ఆజ్ఞాపించాడు. రేణుక పారిపోయి మాదిగవాడలో దూరింది. అక్కడి స్త్రీ ఒకామె ఆమెను కౌగిలించుకుని అడ్డుపడింది. గొడ్డలి వేటుకు రెండు తలలూ తెగిపడ్డాయి. తండ్రి వరమిచ్చాక పరశురాముడు తల్లిని బతికించబోయి, తొందరలో తలలు మార్చి అతికించాడు. ఇద్దరూ లేచారు, ఇద్దరూ దేవతలయ్యారు. పేచీ వచ్చింది ఇక్కడే. ఒకరి లెక్కలో రేణుక తల ఉన్నామె మాతమ్మ. మరొకరి లెక్కలో వాడ స్త్రీ తల ఉన్నామె మాతమ్మ, రెండో ఆమె ఎల్లమ్మ.

మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతల మీద వెలువరించిన గ్రంథంలోనూ ఈ కథ ఉంది. అందులో బ్రాహ్మణ స్త్రీ తల, పరయ స్త్రీ మొండెం కలిసినామె మారెమ్మ. పరయ స్త్రీ తల, బ్రాహ్మణ స్త్రీ మొండెం కలిసినామె ఎల్లమ్మ. కాబట్టి మా గదిలో తగువు కొత్తదేమీ కాదు.

పుస్తకాల్లో చూస్తే తేలుతుందనుకుని లైబ్రరీకి వెళ్ళాం. అక్కడ ఇంకో చిక్కు. వ్యాసభారతం అరణ్యపర్వంలో రేణుక స్నానానికి వెళ్ళి, భార్యలతో జలక్రీడలాడుతున్న చిత్రరథుణ్ణి చూసి ఒక్క క్షణం మనసు చలించింది. పెద్ద కొడుకులు నలుగురూ తల్లిని చంపడానికి ఒప్పుకోక తండ్రి శాపానికి గురయ్యారు. భాగవతం తొమ్మిదో స్కంధంలోనైతే పరశురాముడు తల్లితో పాటు ఆ అన్నల్ని కూడా చంపేశాడు, తర్వాత అందరూ నిద్ర లేచినట్టు లేచారు. అంటే పుస్తకానికీ పుస్తకానికీ కూడా పొంతన లేదు. పల్లె కథ మాత్రమే "తప్పు" అనేవారు ఈ సంగతి గమనించాలి. రెండు పుస్తకాల్లోనూ మాదిగవాడ లేదు, రెండో స్త్రీ లేదు, తలల మార్పిడీ లేదు.

మాకు తోచిన దారి ఏమిటంటే, ఏ కథ నిజమని కాక, ఏ కథ ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందని అడగడం. పుస్తకాల కథ పరశురాముడి గురించి. తండ్రి మాట, తల్లి ప్రాణం రెండూ ఎలా దక్కించుకున్నాడన్నది దాని ప్రశ్న. అందుకే రేణుక అక్కడ పడుతుంది, లేస్తుంది, అంతే. పల్లె కథ గుడి గురించి. ఎల్లమ్మ, రేణుకమ్మ గుళ్ళలో చాలాచోట్ల తల మాత్రమే విగ్రహంగా ఎందుకుంది, ఊరి దేవత వాడలోకి ఎలా వచ్చింది అన్నవి దాని ప్రశ్నలు. ఇలా చూస్తే రెండింటికీ సగం తగాదా పోతుంది. (మన జిల్లాలో ఎన్నో అరుంధతీవాడలున్నాయి కదా, ఆ పేరుదీ ఇదే తంతు. భాగవతం అరుంధతిని కర్దముడి కూతురంటుంది. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం వసిష్ఠుడి భార్యను అక్షమాల అని, తక్కువ పుట్టుకదని చెబుతుంది.)

మిగిలిన సగం తల, మొండెం లెక్క. చందమామలో బేతాళ కథలు చదివిన వాళ్ళకు తలలు మారిన ఇద్దరు మగవాళ్ళ కథ గుర్తుండే ఉంటుంది. శరీరానికి తలే ప్రధానం, భర్త తల ఉన్నవాడే భర్త అని విక్రమార్కుడి తీర్పు. ఆ తీర్పు ప్రకారం రేణుక తల, వాడ స్త్రీ మొండెం ఉన్నామెను జమదగ్ని ఆశ్రమానికి తీసుకుపోవాలి. మా వైపు కథల్లో ఆమె ఆశ్రమానికి పోదు, వాడలోనే నిలుస్తుంది. మన పెద్దలు విక్రమార్కుడి తీర్పును ఒప్పుకోలేదన్నమాట. తల ఎవరిదని కాదు, ఎక్కడ ఆశ్రయం దొరికిందన్నదే వాళ్ళ లెక్క. ఇద్దరు మిత్రుల కథలూ ఈ ఒక్క చోట కలుస్తాయి.

కలవనిది ఒకటుంది. రేణుక మీద ఒక తప్పు మోపారు. మరి రెండో స్త్రీ ఏం చేసింది? ఇంటికి వచ్చినదాన్ని కాపాడబోయింది. ఆమె మొగుడెవరు, పిల్లలెవరు, వేరే తలతో లేచినప్పుడు వాళ్ళు ఏమనుకున్నారు? మేము విన్న ఏ కథా చెప్పలేదు.

ఇది ఊరికే పండితుల చర్చ కాదు. మాతో ఐదో తరగతి చదివిన ఒకమ్మాయికి జ్వరం తగ్గక మాతమ్మ గుళ్ళో బొట్టు కట్టించారు. ఆరో తరగతికి ఆమె రాలేదు. అమ్మవారి కథలోనే అలా ఉంది అన్నారు. దేవదాసీలుగా అంకితమివ్వడాన్ని నిషేధించిన ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లోనే వచ్చింది, మాతమ్మ పేరు కూడా అందులో ఉంది. అయినా 2017లో జాతీయ మానవ హక్కుల సంఘం చిత్తూరు, తిరువళ్ళూరు జిల్లాల సంగతి మీద రెండు రాష్ట్రాలకూ నోటీసులివ్వాల్సి వచ్చింది. మేము పోగుచేసిన కథలన్నీ మళ్ళీ మళ్ళీ చూశాం. ఆడపిల్లను గుడికి ఇమ్మని ఒక్క దాన్లోనూ లేదు. ఉన్నదల్లా ఒక ఆడది ఇంకో ఆడదానికి అడ్డు నిలబడటం.

పుంగనూరు మిత్రుడు వేసవి సెలవుల్లో వాళ్ళ అవ్వను అడిగొచ్చాడు, ఆ వాడ స్త్రీకి చావకముందు పేరేమిటని. "ఇంతవరకు ఎవురూ అడగలేదే నాయనా" అన్నదట. మీ ఊళ్ళో పేరుతో సహా చెప్పే వాళ్ళుంటే, ఏ ఊరో, ఎవరి నోట విన్నారో రాసి హాస్టల్‌కు పంపండి.