మూడో బోరు

చిరంజీవి అల్లునికి,

బాన్సువాడ నుంచి మీ మామ దీవించి రాయునది. మీ అమ్మ మోకాళ్లకు నేను పంపిన నూనె రాస్తున్నదో, అల్మారల పెట్టి మర్చిపోయిందో జర చూసి చెప్పు.

మొన్న అంగట్ల మీ ఊరాయన కలిసిండు. మూడో బోరుకు బండి మాట్లాడినవట, పిల్ల గాజులు బ్యాంకుల పెడుతున్నవట. పొలానికి నీళ్లు పడకపోతే దుబాయ్ పోతా అంటున్నవట. ఫోన్ చేస్తే "రాత్రి మాట్లాడుత మామా" అంటవు, రాత్రి ఎత్తవు. అందుకే కాయితం మీద రాస్తున్న.

నీ బోరు ఎందుకు ఎండిందో నాకు తెల్సు, నీకూ తెల్సు. మీ పాలోడు నీ గట్టు పక్కనే బోరు దింపిండు, నీది సన్నగ పోసింది. నువ్వు పట్టుబట్టి వానికంటె లోతుకు పోయినవు, వానిది సన్నబడ్డది, ఇప్పుడు నీదీ మళ్ల సన్నబడ్డది. ఇప్పుడు నువ్వు బండి తెస్తే, నీ వెనకనే వాడూ తెస్తడు. మన దిక్కు గట్టి రాయి. పైన మెత్తబడ్డ పొరల, అక్కడక్కడ పగుళ్లల ఉన్నయే నీళ్లు. ఆ పగులు దాటినంక ఎంత లోతుకు పోయినా బండి దుమ్మే లేపుతది. బోరుకు బోరుకు నడుమ ఎడం ఉండాలె, పర్మిషన్ తీసుకోవాలె అని 2002లనే వాల్టా చట్టం తెచ్చిండ్రు. మీ ఇద్దరిట్ల ఎవరు తీసుకున్నరు పర్మిషన్?

సరే, బోరు సంగతి మళ్ల. ముందు ఆ ఆటో స్టార్టర్ పీకెయ్యి.

నవ్వకు. మామకు ఎప్పుడూ అదే లొల్లి అంటవని తెల్సు. ఒకప్పుడు కరెంటు వంతులేసుకొని వచ్చేది, అదీ నడిరాత్రి. టార్చి పట్టుకొని గట్ల మీదికెంచి పోవాలె. పురుగు ముట్టి పోయినోళ్లున్నరు, తడి చేతుల్తోని డబ్బా ముట్టి పోయినోళ్లున్నరు. 2004ల కరెంటు ఉచితమైంది కానీ రాత్రి తిప్పలు పోలేదు. అట్లాంటప్పుడు ఆటో స్టార్టర్ వచ్చింది. కరెంటు రాంగనే మోటరు దానంతటదే లేస్తది, రైతు ఇంట్ల పండుకుంటడు. ఎందరి డబ్బాలల్లనో నా చేతుల్తోని బిగించిన. అప్పటికది మంచి పనే, ఇప్పటికీ ఆ మాటే అంట.

అయితే ఏమైంది? ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మోటర్లన్నీ ఒక్క క్షణంలనే లేస్తయి. లేచేటప్పుడు మోటరు మామూలుగ గుంజే కరెంటుకు ఐదారింతలు గుంజుతది. వోల్టేజి పడిపోతది, ఫ్యూజు పోతది. ఒక ఫేజు ఎగిరిపోతే మిగిలిన రెండు ఫేజుల మీద మోటరు గుర్రుమనుకుంట కాలుతది. నీ మోటరు పోయినేడు నా దుకాణానికి తెస్తివి కదా, విప్పినప్పుడు నువ్వే చూసినవు. రెండు ఫేజుల తీగ తొడుగు కరిగి నల్లగ ముద్దయింది, మూడోది చెయ్యి పెట్టనట్టు తెల్లగ ఉన్నది. వైండింగు దుకాణంతోనే నా ఇల్లు గడిచింది, మీ మోటర్లు కాలుడు ఆగితే నాకే నష్టం. అయినా చెప్తున్న.

2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు అన్నరు. ఆటో స్టార్టర్లు తీయండని కరెంటోళ్లు ఊరూరు తిరిగి చెప్పిండ్రు. ఎవరు తీసిండ్రు? రాత్రి కష్టం పోయింది, దాని కోసం తెచ్చిన డబ్బా మాత్రం గోడకు అట్లనే ఉన్నది. మోటరు పొద్దంత నడుస్తది, మడి నిండి గట్టు తెగి బాటెంబడి పోతది. బోరుకు ఊరే సందు ఇయ్యవు, ఎండిందని ఏడుస్తవు.

నిజామాబాద్‌ల పని నేర్చుకునేటప్పుడు మా ఉస్తాద్ చుట్లు లెక్కపెట్టిస్తుండె. ఒక్క చుట్టు తప్పితే మొత్తం విప్పిస్తుండె. కోపిష్ఠి మనిషి, అయినా మధ్యాహ్నం తన డబ్బాలున్న జొన్నరొట్టె సగం నాకే పెడుతుండె. ఎందుకు రాస్తున్ననో మర్చిపోయిన. ఆఁ, నువ్వు పొద్దున తినకుండనే పొలం పోతున్నవట. తిని పో.

ఇగ నీళ్ల సంగతికొస్త. మన పెద్దలు మోట కొట్టినోళ్లు. నిజాం కాలంల అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు మంజీర మీద నిజాంసాగర్ కట్టించిండు. 1923ల మొదలువెట్టి 1931ల పూర్తి చేసిండ్రు. 2,75,000 ఎకరాలకు నీళ్లన్నరు. గుంటూరు, కృష్ణా దిక్కు నుంచి రైతులొచ్చి ఇక్కడ క్యాంపులేసుకున్నది ఆ నీళ్లు చూసే. కానీ ఏరు నీళ్లతోపాటు ఒండు కూడ తెస్తది. దాదాపు 30 టీఎంసీల చెరువు 1973ల కొలిచి చూస్తే 12 టీఎంసీలకు పడిపోయింది. తర్వాత మట్టం పెంచి పదిహేడు దాటించిండ్రు. పైన సింగూరు కట్టి హైదరాబాద్ దూప తీర్చిండ్రు, ఇక్కడ కాలువ సన్నబడ్డది. తలకాడున్నోళ్లు తూము కాడ ఇంకింత గండి కొట్టుకున్నరు, చివరోళ్లు బోర్లేసుకున్నరు. ఎవరి కష్టం వాళ్లు తీర్చుకున్నరు, పక్కోని దిక్కు ఎవరూ చూడలేదు. నువ్వూ పాలోడూ చేస్తున్నది గదే, రెండెకరాలల్ల.

అందుకని నా మాట విను. బండి ఆపు. పాలోని బోరు, నీ బోరు కలిపి వంతులేసుకోండ్రి; ఒకటి నడిచినప్పుడు ఇంకోటి ఊరాలె. యాసంగికి ఇద్దరూ వరి తగ్గించి సగం మక్కలేయండ్రి. వానితోని మాట్లాడ అంటవు. మీ గెట్టు పంచాయితి నాకు కొత్తగ చెప్పకు, మీ నాయిన ఉన్నప్పటి నుంచి చూస్తున్న. వాని బిడ్డకు జ్వరమొస్తే రాత్రిపూట మోటర్‌సైకిల్ మీద బాన్సువాడ దవాఖానకు తెచ్చింది నువ్వే కదా! అప్పుడు గెట్టు ఎక్కడికి పోయింది?

ఆదివారం ఇద్దరూ దుకాణానికి రాండ్రి. వాణ్ని నేనే ఫోన్ చేసి పిలుస్త, నువ్వు నోరు మూసుకొని వెనక కూసో. స్టార్టర్ డబ్బా విప్పుకొని తే, అండ్ల ఓవర్‌లోడ్ రిలేకు తీగ కట్టి పెట్టినవో లేదో చూడాలె, కట్టే ఉంటవు. పిల్ల గాజులు పిల్ల చేతులకే ఉండనియ్యి. బండోనికిచ్చిన అడ్వాన్సు వాడు తిరిగియ్యడు, పోతే పోనియ్యి, అది నేను సర్దుత. మీ అత్తకు మాత్రం చెప్పకు.

ఇట్లు,
మీ మామ