గౌతమీ తీరాన యానాం

గోదావరి ధవళేశ్వరం దాటిన పిదప పాయలుగా చీలి సముద్రాభిముఖంగా సాగుతుంది. వానిలో తూర్పుపాయ గౌతమి. సముద్రాన్ని చేరుకొనుటకు కొద్దిదూరం ముందు గౌతమి నుండి కోరంగి పాయ విడిపోతుంది. ఈ పాయనే ఆత్రేయ అని కూడా పిలుస్తారు. ఈ రెండు పాయలు విడిపోయే చోట, ఎడమగట్టున ఉన్న చిన్న పట్టణం యానాం. మెట్టకూరు, కనకాలపేట, కురసాంపేట, ఇసుకతిప్ప మొదలైన చుట్టుపట్ల పల్లెలను కలుపుకొన్నా దీని వైశాల్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడి జనసంఖ్య 55,626.

భాషను బట్టి, పంటలను బట్టి, పండుగలను బట్టి చూచినచో యానాం అచ్చమైన గోదావరి ఊరు. ఒకవైపు కాకినాడ జిల్లా, నది ఆవలి ఒడ్డున కోనసీమ. అయినను ఇది ఆంధ్రప్రదేశ్‌లోనిది కాదు. పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోని భాగం. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, తమిళ దేశపు తీరాన ఉన్నది. కాకినాడకు పోవుటకు గంట చాలును, సచివాలయంలో పని ఉన్నవాడు రాత్రంతా ప్రయాణించవలెను. ఇట్టి విచిత్రమైన అమరిక ఎట్లు ఏర్పడినదో తెలియవలెనన్న మూడు శతాబ్దాలు వెనుకకు పోవలసి ఉంటుంది.

ఫ్రెంచివారు 1723లో ఇక్కడ వర్తకస్థానం నెలకొల్పిరి. లాభం లేదని 1727లో విడిచిపెట్టి, 1731లో మరల వచ్చిరి. వారిని ఆకర్షించినది నేతబట్ట. గోదావరి డెల్టాలోని సాలెవారు నేసిన నూలుబట్టలు నదిమీదుగా దిగి ఓడలకెక్కేవి. కోరంగి రేవు సమీపంలో ఉండుట యానాంకు మరొక సౌకర్యం. ఓడలకు మరమ్మతులు చేయుటలోను, కొత్త ఓడలు కట్టుటలోను కోరంగి వడ్రంగులు పేరు పొందినవారు. 1753లో ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి వశమైనపుడు యానాం ప్రాముఖ్యం పెరిగినది. కాని 1758 డిసెంబరులో పిఠాపురం సమీపాన చందుర్తి వద్ద వారు ఆంగ్లేయుల చేతిలో ఓడిపోయిరి. మరుసటి ఏడు మచిలీపట్టణం కూడా పోయినది. ఆ తరువాత యానాం పలుమార్లు చేతులు మారినది. 1814 నాటి పారిస్ సంధి ననుసరించి ఫ్రెంచివారికి తిరిగి దక్కినది. సామ్రాజ్యం పోయి, దుకాణం మిగిలినట్లయినది.

సముద్రం ఈ తీరానికి సంపద నిచ్చినది, దానిని హరించినది కూడా. 1789లోను, 1839లోను వచ్చిన ఉప్పెనలు కోరంగిని ముంచివేసినవి. రెండవ దెబ్బ తరువాత ఆ రేవు మునుపటి వైభవాన్ని మరల చూడలేదు. నది మేట వేయుటచే పెద్ద ఓడలు లోనికి రాజాలవయ్యె. రేవు వ్యాపారం క్రమంగా కాకినాడకు తరలినది. రేవు పోయినను దాని పేరు మాత్రం సముద్రాలు దాటి నిలిచినది. బర్మాకు వలసపోయిన తెలుగువారిని అక్కడివారు చాలాకాలం 'కోరంగీలు' అనియే పిలిచిరి. రంగూన్ రేవులో మూటలు మోసినవారిలో, ధాన్యపు మరలలో పనిచేసినవారిలో ఈ తీరపు కూలీలు అధికసంఖ్యలో ఉండిరి. వారు శ్రీకాకుళం నుండి వచ్చినా, విశాఖపట్టణం నుండి వచ్చినా ఓడ ఎక్కిన రేవు పేరే వారి జాతిపేరయినది.

యానాంకు సంబంధించిన వలస మరొకటి కలదు. దానిని గురించి పాఠ్యగ్రంథాలలో అంతగా కనబడదు. హిందూమహాసముద్రంలోని రెయూనియన్ దీవి ఫ్రెంచివారిది. అక్కడి చెరకుతోటలకు ఒప్పంద కూలీలను భారతదేశం నుండి తీసుకొనిపోవు పద్ధతి బానిసత్వం రద్దు కాకమునుపే మొదలైనది. 1828లో యానాం నుండి పదిహేనుగురు తెలుగు కూలీలు ఆ దీవికి ఓడమీద పోయిరి. వారి వెనుక మరెందరో పోయిరి. చెప్పిన మాటకు, అక్కడ జరిగిన పనికి పొంతన లేకపోవుటచే ఆ తొలి యత్నం కొద్ది ఏండ్లలోనే చెడినది, చాలామంది తిరిగివచ్చిరి. ఫ్రాన్సు 1848లో బానిసత్వాన్ని రద్దు చేసిన పిదప కూలీల వేట మరల హెచ్చినది. 1860లో ఆంగ్లేయులతో ఒప్పందం కుదిరినది. చివరకు దుర్భర పరిస్థితుల కారణంగా 1882లో ఆంగ్ల ప్రభుత్వం రెయూనియన్‌కు కూలీల పంపకాన్ని నిలిపివేసినది. వర్తకస్థానమనగానే పట్టుబట్టలు, సుగంధద్రవ్యాలు తలచుకొనుట పరిపాటి. మనుష్యులు కూడా అక్కడ సరకే అయిరన్న సంగతి మరువరాదు.

చుట్టూ ఒక చట్టం, నడుమ వేరొక చట్టం ఉన్నచోట ఏమి జరుగునో యానాం చక్కగా చూపుతుంది. బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930 ఏప్రిల్ నుండి బ్రిటిష్ ఇండియాలో అమలుకు వచ్చినది. ఫ్రెంచి యానాంలో అది చెల్లదు. ఇంకేమున్నది? పరిసర జిల్లాల నుండి పెండ్లివారు బండ్లు కట్టుకొని యానాంకు వచ్చి పసిపిల్లలకు ముడిపెట్టి పోయేవారు. ఊరిలో సత్రాలకు, పురోహితులకు, మేళగాండ్రకు తీరిక ఉండెడిది కాదు. సరిహద్దు గీత దాటుట ఒక్క పూట పని. ఆ పిల్లలకు దాని ఫలితం జీవితాంతం.

సాహిత్యానికి కూడా యానాం దూరం కాదు. తిరుపతి వేంకట కవులలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి బాల్యం కొంత ఇక్కడనే గడచినది. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవి పదవి నందిన ఆ మహాకవి చిన్ననాడు ఫ్రెంచి జెండా నీడలో తెలుగు పద్యం నేర్చెను.

1947 తరువాత ఫ్రెంచి స్థావరాల భవిష్యత్తు ప్రశ్నార్థకమైనది. చంద్రనగరం ప్రజలు 1949లో అభిప్రాయసేకరణ ద్వారా భారతదేశాన్ని ఎన్నుకొనిరి. 1954లో అది పశ్చిమ బెంగాల్‌లో కలసినది. యానాంలో విమోచనోద్యమానికి దడాల రఫేల్ రమణయ్య నాయకత్వం వహించెను. 1954 జూన్ 13న ఆయన వాలంటీర్లతో పట్టణాన్ని స్వాధీనం చేసికొనెను. మరుసటి నెలలో మాహే విముక్తమైనది. అక్టోబరు 18న పుదుచ్చేరి సమీపాన కీళూరులో సమావేశమైన 178 మంది ప్రజాప్రతినిధులలో 170 మంది విలీనాన్ని బలపరచిరి. నవంబరు 1న నాలుగు స్థావరాల పాలన భారత ప్రభుత్వానికి సంక్రమించినది. 1956లో సంధి కుదిరి, 1962 ఆగస్టు 16న చట్టబద్ధమైనది. 1963 జులై 1న కేంద్రపాలిత ప్రాంత వ్యవస్థ అమలులోనికి వచ్చినది.

భాషారాష్ట్రాలు ఏర్పడుచున్న ఆ రోజులలో యానాంను ఆంధ్రలో, మాహేను కేరళలో ఏల కలుపలేదు? దీనికి సమాధానం సంధిలోనే కలదు. ఈ ప్రాంతాల ప్రతిపత్తిలో ఏ మార్పు చేయవలెనన్నను ప్రజల అభీష్టాన్ని తెలిసికొన్న పిదపనే చేయవలెనని అందు వ్రాసికొనిరి. కనుక యానాం తెలుగుది, కారైక్కాల్, పుదుచ్చేరి తమిళములవి, మాహే మలయాళముది. అన్నింటికీ ఒకే శాసనసభ, ఒకే లోక్‌సభ స్థానం. 1965 నాటి అధికారభాషా చట్టం తమిళానికి ముఖ్యస్థానమిచ్చుచునే యానాంలో తెలుగును, మాహేలో మలయాళాన్ని వాడుటకు వీలు కల్పించినది. పాఠశాలలు చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పాఠ్యప్రణాళికనే అనుసరించినవి. హైకోర్టు మాత్రం మద్రాసుది. ఒక విద్యార్థి తెలుగులో చదివి, తమిళం మాట్లాడే కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకొనవలసి వచ్చుట ఇక్కడ సాధారణ విషయం. ఇందులో ఇబ్బంది లేదనలేము. అయినను ముప్పది స్థానాల సభలో తన కొక స్థానం ఉండుట ఇంత చిన్న ఊరికి మరెక్కడ దొరకును?

నీటి విషయంలో మాత్రం యానాం పుదుచ్చేరి వైపు కాక ఎగువకు చూడవలసినదే. ధవళేశ్వరం వద్ద వరద పెరిగినదన్న హెచ్చరిక రాగానే పల్లపు వీధులవారు సామాను సర్దుకొంటారు. 1986 ఆగస్టులోను, 2022 జులైలోను గౌతమి పొంగి ఊరిలోనికి వచ్చినది. 1996 నవంబరు 6 నాటి తుపాను యానాంను, కోనసీమను ఒకే రాత్రి అతలాకుతలం చేసినది. గాలికి ఏ ప్రభుత్వపు హద్దు ఎక్కడో తెలియదు. సహాయక చర్యలు మాత్రం రెండు ప్రభుత్వాలు వేర్వేరుగా సాగించవలసి వచ్చినది.

ఆవలి ఒడ్డున ఉన్న ఎదుర్లంకకు పోవలెనన్న పూర్వం పడవే ఆధారం. నది నిండుగా ఉన్నపుడు రేవులో గంటలకొద్దీ కాచుకొనవలసి వచ్చేది. లోక్‌సభ స్పీకరుగా ఉండి 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో మరణించిన కోనసీమవాసి జి.ఎం.సి. బాలయోగి పేరిట ఇక్కడ నిర్మించిన వంతెన అదే సంవత్సరం ప్రారంభమైనది. ఇప్పుడు కొబ్బరికాయల లారీలు, అమలాపురం బస్సులు కొద్ది నిమిషాలలో గౌతమిని దాటుచున్నవి.