వెన్నెల రాత్రుల వైమానికుడు

బ్రిటిషు వైమానికదళమునందు ఎయిర్ చీఫ్ మార్షల్ పదవి నొందిన సర్ లూయిస్ హాడ్జెస్ చరిత్రమును మనము పఠింతము. 1940లో ఆయన విమానము శత్రువశమైన ఫ్రాన్సులో దిగవలసివచ్చెను. ఆయన తప్పించుకొని, స్పెయిను మీదుగా 1941లో స్వదేశము చేరెను. పిమ్మట 161వ స్క్వాడ్రనుకు నాయకుడై, వెన్నెల రాత్రులలో మరల ఆ ఫ్రాన్సునకే పోవుచుండెను. చిన్న లైసాండరు విమానము దిగుటకు పొలములో మూడు చేదీపములే గుర్తు. రహస్యచారులను దింపి, అపాయములో నున్నవారి నెక్కించుకొని, కొలది నిమిషములలో మరల ఎగురవలెను. తరువాత బర్మా యుద్ధములో 357వ స్క్వాడ్రనును నడపెను. 1976లో ఉద్యోగము విరమించెను.

తాను తప్పించుకొనిన చోటికే పరులను తప్పించుటకై పోవుట సామాన్యధైర్యము కాదు. బాలబాలికలారా, మనము దాటిన కష్టమును దాటలేక నిలిచినవారిని మనము మరచితిమా?