సౌండ్‌బార్ కొనేముందు అటక మీద ఉన్న పాత స్టీరియో దించండి

కొత్త టీవీల్లో బొమ్మ అదిరిపోతుంది, మాట మాత్రం డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. కారణం సింపుల్. ప్యానెల్ సన్నబడే కొద్దీ లోపల స్పీకర్‌కి చోటు తగ్గింది. చాలా మోడల్స్‌లో అవి కిందకో, వెనక గోడ వైపో తిరిగి ఉంటాయి. వాల్యూమ్ పెంచితే బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ మోగిపోతుంది, డైలాగ్ మాత్రం అర్థం కాదు. వినికిడి కాస్త తగ్గిన పెద్దవాళ్లకి ఇది ఇంకా కష్టం. విజయనగరంలో మా అత్త సీరియల్ పెడితే వీధి చివరికి వినిపిస్తుంది, ఆవిడకి మాత్రం సగం మాటలు అందవు. అదే ఇంట్లో అటక మీద ఒక యాంప్లిఫయర్, రెండు చెక్క స్పీకర్లు దుప్పటి కప్పుకుని ఉన్నాయి. మీ ఇంట్లోనూ ఉండొచ్చు, ఒకసారి చూడండి.

ముందు స్టీరియో వెనక భాగం చూడాలి. ఎరుపు, తెలుపు జత సాకెట్ల మీద ఆక్స్, సీడీ, టేప్ ఇన్, లైన్ ఇన్ అని ఏది రాసి ఉన్నా పర్లేదు. ఫోనో అని ఉన్నదాని జోలికి మాత్రం వెళ్లొద్దు. అది గ్రామఫోన్ రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్ కోసం పెట్టింది. టీవీ సిగ్నల్ ఇస్తే సౌండ్ చిరిగిపోతుంది. ఇంకో జాగ్రత్త, యాంప్ నుంచి స్పీకర్లకి వెళ్లే వైర్లని టీవీకి ఎప్పుడూ కలపకూడదు.

ఇప్పుడు టీవీ వైపు. హెడ్‌ఫోన్ జాక్ ఉంటే, ఒకవైపు 3.5 ఎంఎం పిన్, రెండో వైపు ఎరుపు తెలుపు పిన్నులు ఉన్న కేబుల్ చాలు. టీవీ వాల్యూమ్ ముప్పావు వంతు దగ్గర పెట్టి, యాంప్ నాబ్‌ని మీకు కావాల్సిన గరిష్ఠ సౌండ్‌కి తిప్పి అక్కడే వదిలేయండి. ఆ తర్వాత అంతా టీవీ రిమోట్‌తోనే.

ఆప్టికల్ పోర్ట్ వాడితే మధ్యలో చిన్న డాక్ బాక్స్ కావాలి. డిజిటల్ సిగ్నల్‌ని పాత యాంప్‌కి అర్థమయ్యే అనలాగ్‌గా మార్చేది అదే. చాలామంది ఆగిపోయేది ఇక్కడే: అన్నీ కలిపాక సౌండ్ రాదు, లేదా గరగరమంటుంది. బాక్స్ పాడైందనుకుని రిటర్న్ పెట్టేస్తారు. నిజానికి టీవీ డాల్బీ పంపిస్తోంది, చవక డాక్‌కి అది చదవడం రాదు. సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ అవుట్‌పుట్‌ని పీసీఎంకి మార్చండి, పనైపోతుంది. హెచ్‌డీఎంఐ ఆర్క్ నుంచి తీసుకునే బాక్సులూ ఉన్నాయి, అక్కడా పీసీఎం సంగతి మర్చిపోవద్దు.

క్వాలిటీ లెక్కన మంచి డాక్‌తో ఆప్టికలే మేలు. కానీ ఎక్కువ టీవీల్లో ఆప్టికల్ అవుట్‌పుట్ లెవెల్ మారదు, ప్రతిసారీ లేచి వెళ్లి యాంప్ నాబ్ తిప్పాలి. మోకాళ్ల నొప్పులున్న మా అత్తకి అది కుదిరే పని కాదు. అందుకే అక్కడ హెడ్‌ఫోన్ జాకే పెట్టాం.

బ్లూటూత్ రిసీవర్ పాటలకి ఓకే, సినిమాకి నేను చెప్పను. పెదాలు కదిలాక మాట వస్తుంది. టీవీలో ఉండే ఆడియో డిలే ఆప్షన్ సౌండ్‌ని ఇంకా ఆలస్యం చేయగలదు గానీ, ముందుకు లాగలేదు.

కలిపాక బుయ్‌మని హమ్ వస్తుంటే ఒకసారి కేబుల్ టీవీ లేదా డిష్ వైరు పీకి చూడండి. ఆగిపోతే అది గ్రౌండ్ లూప్. ఆప్టికల్‌లో వెళ్లేది వెలుతురు కాబట్టి టీవీకీ యాంప్‌కీ మధ్య ఆ దారి తెగిపోతుంది. ఇక కళింగపట్నం, బారువ లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉప్పుగాలికి సాకెట్లు నల్లబడి, పచ్చబడి ఉంటాయి. ప్లగ్ పీకేసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ఒక స్పీకర్ మాత్రమే మోగుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

చివరగా టెస్ట్. దీనికి డెమో వీడియోల కంటే పాత తెలుగు పాట మేలు. 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల, ఆ ఊళ్లోనే పుట్టిన సుశీల 1950లు, 60ల్లో సినిమాలకి పాడిన పాటలు మోనో రికార్డింగులు. రెండు స్పీకర్లకీ వెళ్లేది ఒకే సిగ్నల్. స్పీకర్లకీ మీకూ మధ్య దూరాలు దాదాపు సమానంగా ఉండేలా కూర్చుని, స్టీరియో మార్పులు చేయని ఒరిజినల్ పాట పెట్టండి. గొంతు సరిగ్గా మధ్యలోంచి, టీవీ ఉన్న చోటు నుంచే రావాలి. అలా కాకుండా గది అంతా చెదిరిపోయి, బేస్ పలచబడితే ఒక స్పీకర్‌కి ప్లస్, మైనస్ వైర్లు తారుమారయ్యాయన్నమాట. యాంప్ ఆపి, ఆ ఒక్క స్పీకర్ వెనక రెండు వైర్లూ అటుదిటు మార్చి మళ్లీ అదే పాట వినండి.