పట్టా చేతికి రాకముందే సీవీ మొదలవ్వాలి
(పశువైద్య విద్యార్థులకు, వారిని చదివిస్తున్న దాతలకు ఒక పాఠం)



మన ఆళ్లగడ్డ, నంద్యాల వైపు పిల్లలు ఇంటర్లో బైపీసీ తీసుకున్నారంటే ఇంటిల్లిపాదికీ ఎంబీబీఎస్ ఒక్కటే కనిపిస్తుంది. ఆ సీటు రాకపోతే చదువే చేజారినట్టు దిగులుపడతారు. పశువైద్యంలో సీటు వస్తే, "సరే, ఏదో ఒకటి" అంటారు. పాడి గేదె మీద, గొర్రెల మంద మీద, కోళ్ల ఫారం మీద, మాంసం దుకాణం మీద బతికే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ఆ బతుకులకు దగ్గరి చదువు ఇదే. ప్రవక్తలందరూ గొర్రెలు కాసినవారేనని హదీసుల్లో ఉంది. ఉర్దూలో పశువైద్యుణ్ణి సలోత్రి అనడం మన పెద్దలకు తెలుసు. అశ్వవైద్యంలో పేరు మోసిన శాలిహోత్రుడి పేరే ఆ మాటకు మూలం. ఈ విద్య మనకు పరాయిది కాదు.

అయితే ఈ వ్యాసం సీటు సంపాదించడం గురించి కాదు. సీటు వచ్చాక గడిచే అయిదున్నర ఏళ్ల గురించి. దాతలు సాధారణంగా మొదటి ఏడాది ఫీజు కట్టి, చివర పట్టా వచ్చినప్పుడు శాలువా కప్పుతారు. స్పెషలిస్టు కావాలనుకునే విద్యార్థి భవిష్యత్తు మాత్రం ఈ రెంటికీ నడుమ ఉన్న ఏళ్లలోనే తేలిపోతుంది.

చదువు దారి

డిగ్రీ పేరు బి.వి.ఎస్సీ. అండ్ ఏ.హెచ్. తరగతులు నాలుగున్నర ఏళ్లు, ఆపై ఒక ఏడాది తప్పనిసరి ఇంటర్న్‌షిప్. మన రాష్ట్రంలో ఈ చదువు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తుంది. విశ్వవిద్యాలయం 2005లో ఏర్పడింది. తిరుపతి కళాశాల మాత్రం అంతకన్నా ఎంతో పాతది, 1955 నాటిది. గన్నవరం, గరివిడి, ప్రొద్దుటూరులలో కూడా కళాశాలలు ఉన్నాయి. మన ఆళ్లగడ్డ పిల్లలకు దగ్గరలో ఉన్నది ప్రొద్దుటూరే.

డిగ్రీ తర్వాత స్పెషలైజేషన్ అంటే ఎం.వి.ఎస్సీ., రెండేళ్లు. శస్త్రచికిత్స, మెడిసిన్, గర్భకోశ శాస్త్రం, పాథాలజీ, సూక్ష్మజీవ శాస్త్రం, పోషణ, జన్యుశాస్త్రం, కోళ్ల శాస్త్రం, పశువైద్య ప్రజారోగ్యం, మాంస ఉత్పత్తుల సాంకేతికం ఇలా ఎన్నో శాఖలు ఉన్నాయి. చివరి రెండింటినీ మన పిల్లలు పెద్దగా పట్టించుకోరు. మాంసం వ్యాపారం తెలిసిన ఇంటి బిడ్డకు అవి పుట్టింటి విద్యలాంటివి.

ఒక మాట దాచకుండా చెప్పాలి. మన దేశంలో పీజీ సీటుకు మార్కులు, ప్రవేశ పరీక్ష ర్యాంకే ముఖ్యం. భారత వ్యవసాయ పరిశోధనా మండలి తరఫున జాతీయ స్థాయిలో జరిగే పీజీ పరీక్షలో మంచి ర్యాంకు వస్తే సీటుతో పాటు ఫెలోషిప్ కూడా దొరకవచ్చు. సీవీ ఎంత బాగున్నా ర్యాంకు లోటును పూడ్చదు. అయితే ర్యాంకులు దాదాపు సమానంగా ఉన్నవారు నలుగురు ఇంటర్వ్యూ బల్ల ముందు కూర్చున్నప్పుడు, పరిశోధన ప్రాజెక్టులో ఉద్యోగానికి, పీహెచ్‌డీకి, విదేశీ చదువుకు దరఖాస్తు పెట్టినప్పుడు మాట్లాడేది సీవీయే. అమెరికాలో అయితే స్పెషలిస్టు శిక్షణకు ఎంపిక చేసేటప్పుడు మార్కుల పత్రాలతో పాటు సీవీని, స్వయంగా రాసిన లేఖను, గురువుల సిఫారసు లేఖలను చూస్తారు. మన డిగ్రీతో అక్కడ వైద్యం చేయాలంటే వేరే అర్హత పరీక్షలు కూడా దాటాలి.

సీవీ అంటే ఏమిటి?

మన ఇళ్లలో బయోడేటా అంటే పెళ్లి సంబంధాలకు పంపే కాగితం. తండ్రి పేరు, ఎత్తు, ఆస్తి అందులో ఉంటాయి. సీవీ అది కాదు. నేను ఏ పని చేశాను, ఎక్కడ చేశాను, ఎన్నాళ్లు చేశాను, ఎవరి ఎదుట చేశాను అనే నాలుగు ప్రశ్నలకు జవాబు. "కష్టపడే తత్వం గలవాణ్ణి, జంతు ప్రేమికుణ్ణి" లాంటి మాటలకు అందులో విలువ లేదు. ఎవరైనా రాసుకోవచ్చు కనుక ఎవరూ నమ్మరు.

కాబట్టి సీవీని చివరి ఏడాది ఒక రాత్రి కూర్చుని తయారుచేయడం కుదరదు. చేసిన పని ఉంటేనే రాయడానికి ఉంటుంది.

ఏటేటా చేయవలసింది

మొదటి ఏడాది: ఒక మంచి అట్ట నోటుబుక్కు కొని "కేసు పుస్తకం" అని పేరు పెట్టుకోవాలి. చూసిన ప్రతి కేసుకూ తేదీ, జంతువు, రైతు చెప్పిన బాధ, డాక్టరు గుర్తించిన జబ్బు, ఇచ్చిన చికిత్స, ఫలితం రాయాలి. పక్కన మూడు మాటల్లో ఒకటి తప్పనిసరిగా ఉండాలి: చూశాను, సాయపడ్డాను, స్వయంగా చేశాను. ఈ తేడా పాటించే విద్యార్థిని ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ తికమక పెట్టలేరు. సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు ఊరి పశువైద్యశాలలో అనుమతి అడిగి నిలబడితే పుస్తకం దానంతటదే నిండుతుంది. గాలికుంటు, చిటుక రోగం, నీలినాలుక లాంటి జబ్బుల పేర్లు తరగతిలో వినడం వేరు, ఆ రైతు ముఖం చూడడం వేరు.

రెండు, మూడు ఏళ్లు: ఇష్టమైన శాఖ ఏదో తేల్చుకోవలసిన కాలం. అన్నీ కొంచెం కొంచెం చేసినవారి కంటే ఒక దిక్కుగా నడిచినవారి సీవీ బలంగా కనిపిస్తుంది. వేసవిలో ఒక పరిశోధన సంస్థలో కొన్ని వారాల శిక్షణకు ముందుగానే లేఖ రాసి అడగాలి. హైదరాబాదులోనే మాంస పరిశోధన సంస్థ, కోళ్ల పరిశోధన సంస్థ, జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉన్నాయి. పుంగనూరు ఆవుల మీద పని చూడాలంటే పలమనేరు, ఒంగోలు జాతి కోసం గుంటూరు దగ్గరి లాం ఫారం ఉన్నాయి. అడిగిన ప్రతి చోటా అవును అనరు. పది లేఖలు రాస్తే ఒక జవాబు వచ్చినా చాలు.

చివరి ఏడాది, ఇంటర్న్‌షిప్: కేసు పుస్తకంలోంచి అరుదైన ఒక కేసును ఎంచుకుని, గురువు మార్గదర్శనంలో చిన్న వ్యాసంగా రాయాలి. ఇండియన్ వెటర్నరీ జర్నల్ 1924 నుంచి వస్తున్న పత్రిక. అలాంటి చోట గురువుల పేర్ల పక్కన విద్యార్థి పేరు ఒక్కసారి వచ్చినా సీవీకి బరువు పెరుగుతుంది. డబ్బు కడితే ఏదైనా అచ్చువేసే పత్రికలు, రెండు గంటలు కూర్చుంటే చాలు సర్టిఫికెట్ ఇచ్చే ఆన్‌లైన్ సమావేశాలు ఉన్నాయి. వాటి కోసం పైసా ఖర్చు పెట్టవద్దు. చూసేవారికి ఆ తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ఒకే పని, రెండు రాతలు

తరగతిలో చెప్పినట్టు ఒక ఉదాహరణ ఇస్తాను. అంకెలు ఊహించి రాసినవి.

మొదటి రాత: "గొర్రెలకు మందు తాగించే శిబిరంలో చురుకుగా పాల్గొన్నాను."

రెండో రాత: "జూన్ నెలలో మూడు రోజుల నట్టల నివారణ శిబిరం. పశువైద్యాధికారి పర్యవేక్షణలో 210 గొర్రెలకు స్వయంగా మందు తాగించాను. 30 పేడ నమూనాలు సేకరించి, కళాశాల ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద పరీక్షించడంలో సాయపడ్డాను."

పని ఒక్కటే. మొదటిది చదివితే ఏమీ తెలియదు. రెండోది చదివితే ఈ విద్యార్థికి పరాన్నజీవుల శాస్త్రం మీద ఆసక్తి ఉందని, చేసిందీ సాయపడిందీ వేరుచేసి చెప్పే నిజాయితీ ఉందని తెలుస్తుంది. అతిశయం ఒక్కటి దొరికితే మిగిలినదంతా అనుమానంలో పడుతుంది. అమానత్ అన్న మాట డబ్బుకే కాదు, సీవీలో రాసే ప్రతి వాక్యానికీ వర్తిస్తుంది.

సిఫారసు లేఖలు

ఇంటి పేరు తెలిసిన పెద్దమనిషి రాసే లేఖ ఇక్కడ పనికిరాదు. విద్యార్థి చేతిపని కళ్లారా చూసిన గురువు లేఖే పనికొస్తుంది. అందుకని మూడో ఏటి నుంచే ఇద్దరు ముగ్గురు అధ్యాపకుల దగ్గర క్రమం తప్పకుండా పని నేర్చుకోవాలి. లేఖ అడిగేటప్పుడు కనీసం నెల ముందు అడగాలి. కేసు పుస్తకం సారాంశం ఒక పేజీ రాసి చేతికివ్వాలి. అప్పుడు గురువుగారికి రాయడానికి విషయం ఉంటుంది.

దాతలు చేయగలిగింది

కాలేజీ ఫీజు, హాస్టల్ ఖర్చు మనకు కనిపిస్తాయి. కనిపించని ఖర్చులు వేరే ఉన్నాయి: వేసవి శిక్షణకు ప్రయాణం, అక్కడ ఉండడానికి గది అద్దె, గమ్‌బూట్లు, ఏప్రాన్, పీజీ పరీక్ష దరఖాస్తు రుసుము, పుస్తకాలు. పేదింటి విద్యార్థి వీటిని తండ్రిని అడగలేక ఊరుకుంటాడు. వేసవిలో శిక్షణకు బదులు ఏదో దుకాణంలో కూలికి కుదురుతాడు. అక్కడే అతని సీవీలో ఖాళీ పడుతుంది. ఆడపిల్ల విషయంలో ఇంకా కష్టం. భద్రమైన వసతి దొరకదన్న ఒక్క కారణంతో ఇంటివాళ్లు పంపరు. శిక్షణ జరిగే ఊళ్లో మనకు తెలిసిన కుటుంబం ఒకటి వసతి చూపితే, అది కూడా దానమే.

కాబట్టి రెండు సూచనలు చేస్తున్నాను. మొదటిది, వృత్తి విద్య చదివే ప్రతి విద్యార్థికీ ఫీజుతో పాటు ఏడాదికొకసారి శిక్షణ సాయం అని వేరే కేటాయించాలి. జకాత్ నిధిలోంచి ఇవ్వాలా, సదఖా నుంచా అన్నది ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు. రెండోది, సాయం పొందే విద్యార్థి ఏటా ఒక పేజీ సొసైటీకి రాసి ఇవ్వాలి. ఈ ఏడాది ఏం చూశాను, దేనిలో సాయపడ్డాను, ఏం స్వయంగా చేశాను, ఏ గురువు దగ్గర. దాతకు తన డబ్బు ఎటు పోయిందో తెలుస్తుంది. విద్యార్థికి చెప్పకుండానే సీవీ రాయడం అలవాటవుతుంది. అయిదున్నర ఏళ్లు అయ్యేసరికి అయిదారు పేజీలు చేతిలో ఉంటాయి. వాటిని కుదించి రెండు పేజీలు చేస్తే అదే అతని సీవీ.

మన ఆళ్లగడ్డ శిల్పులను చూడండి. రాయి కొన్నరోజే విగ్రహం తయారు కాదు. దెబ్బ వెనుక దెబ్బ పడుతూ, రోజులు గడిస్తేనే రూపం బయటపడుతుంది. సీటు అనేది రాయి మాత్రమే. ఆ తర్వాతి ఏళ్లలో కూడా మీ చేయి పిల్లల భుజం మీద ఉంచండి. మీ దానాన్ని అల్లాహ్ స్వీకరించుగాక, మన పిల్లలకు ఉపకరించే విద్యను ప్రసాదించుగాక. ఆమీన్.