కుట్ల దగ్గర నెత్తురు ఊరుతోంది.. లివర్ పాడైనట్టేనా?

ప్రశ్న: మా అమ్మగారికి 62 ఏళ్లు. పిత్తనాళంలో రాయి అడ్డుపడి కామెర్లు వచ్చాయి. ఆపరేషనై తొమ్మిది రోజులైంది. యాంటీబయాటిక్స్ వాడుతున్నారు. జావ తప్ప ఏమీ తినడం లేదు. కుట్ల దగ్గర నెత్తురు ఊరుతోంది, చేతుల మీద నీలిమచ్చలు లేస్తున్నాయి. రక్తం పలచబడిందంటున్నారు. లివర్ పాడైందా?
– ఒక గృహిణి, శాలిబండ

జవాబు: లివర్ గురించి అప్పుడే బెంగ పడనక్కర్లేదు. కానీ నెత్తురు ఊరుతుంటే ఇంట్లో ఉంచకూడదు, ఈరోజే సర్జన్‌కు చూపించాలి.

రక్తం పలచబడటమంటే నీళ్లలా మారడం కాదు, గడ్డకట్టడానికి ఎక్కువసేపు పట్టడం. గడ్డకట్టించే ప్రొటీన్లలో నాలుగింటిని లివర్ పనికొచ్చేలా తయారు చేయాలంటే విటమిన్ కె కావాలి. ఒంట్లో దాని నిల్వ చాలా తక్కువ. పైగా కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి, పేగుల్లోకి పైత్యరసం దిగకపోతే ఒంటబట్టదు. ఈ అమ్మగారికి రాయి వల్ల పైత్యరసం ఆగింది, తిండి తగ్గింది. విటమిన్ కె తయారుచేసే పేగుల్లోని బాక్టీరియాను యాంటీబయాటిక్స్ దెబ్బతీసి ఉండొచ్చు.

కామెర్ల రోగికి ఆపరేషన్ అంటే ఒకప్పటి సర్జన్లకు నెత్తురు ఆగదనే భయం. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఉన్న రోజుల్లో, 1888, 1889లలో, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు మత్తుమందుపై చేసిన పరీక్షలను ప్రపంచమంతా చర్చించుకుంది. నెత్తురు ఎందుకు ఆగదో మాత్రం అప్పటికి ఎవరికీ తెలియదు. 1929లో డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్, కొవ్వు తీసేసిన మేత తిన్న కోడిపిల్లల ఒంట్లో రక్తస్రావాన్ని గమనించాకే విటమిన్ కె వైపు దారి దొరికింది.

రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని చూసే పీటీ–ఐఎన్‌ఆర్ పరీక్షలో ఈ లోపం తెలుస్తుంది. ఆసుపత్రిలో విటమిన్ కె ఇంజెక్షన్ నెమ్మదిగా ఎక్కిస్తే, సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో ఐఎన్‌ఆర్ దిగడం మొదలవుతుంది. మర్నాటికీ దిగకపోతే అప్పుడు లివర్‌ను అనుమానించాలి. రక్తస్రావం ఎక్కువగా ఉంటే ప్లాస్మా ఎక్కిస్తారు.

పప్పు తింటే చీము పడుతుందనీ, ఆకుకూరలు పడవనీ రోగిని రోజుల తరబడి కడుపు మాడ్చడం మన ఇళ్లలో మామూలే. డాక్టర్ తినమన్నాక మీర్ ఆలం మండీలో దొరికే పాలకూర, తోటకూర, మెంతికూర కాస్త నూనెతో వండి పెట్టాలి. వార్ఫరిన్ వాడే గుండె రోగుల సంగతి వేరు. ఆ మందు పనిచేసేదే విటమిన్ కెను అడ్డుకుని కాబట్టి, వాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఆకుకూరలు ఒక్కసారిగా పెంచకూడదు, తగ్గించకూడదు.

మలం తారులా నల్లగా వచ్చినా, కళ్లు తిరిగినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా అర్ధరాత్రైనా ఎమర్జెన్సీకి తీసుకెళ్లాలి.