అన్నిటికీ మాక్‌లేనా?

ప్రశ్న: ఉప్పల్‌లో మెట్రో టికెట్ల యాప్‌కు టెస్టులు రాస్తున్నాను. అన్నిటికీ మాక్‌లే (అసలు కోడ్ బదులు ముందే రాసిన జవాబిచ్చే నకిలీ భాగాలు) పెట్టాను. టెస్టులన్నీ పాసవుతున్నా యాప్ తప్పు చార్జీ చూపిస్తోంది. ఫిక్స్చర్లకు (టెస్టు కోసం ముందే సిద్ధం చేసిన డేటాకు) మారాలా?
– ఒక పాఠకురాలు, నాచారం

జవాబు: చార్జీ లెక్కకు మారాలమ్మా. అది మీ సొంత కోడ్. దాన్నే మాక్ చేస్తే మీరు రాసిపెట్టిన జవాబే తిరిగొస్తుంది, తప్పు బయటపడదు. నాగోల్, ఉప్పల్, స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్ల వరస, చార్జీల పట్టిక చిన్న ఫైల్లో ఫిక్స్చర్‌గా పెట్టి అసలు కోడ్‌నే నడపండి. ఎక్కిన స్టేషన్లోనే దిగిన ప్రయాణాన్నీ చేర్చండి. చాలామంది మరిచేది అదే. ప్రతి టెస్టుకూ డేటా కొత్తగా లోడవ్వాలి.

యూపీఐ చెల్లింపు, ఎస్సెమ్మెస్ మీ చేతిలో లేనివి. వాటికి మాక్ ఉంచండి. డబ్బు కట్టయి జవాబు రాని సందర్భాన్ని దానితోనే సులువుగా పరీక్షించగలరు.

ఇంత చేసినా ఒకే టెస్టు ఓసారి పాసై, ఓసారి ఫెయిలవుతుంటే టీమ్‌లో సీనియర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. ప్రయాణికుల డబ్బు ఇప్పటికే తప్పుగా కట్టవుతుంటే మాత్రం ఈరోజే మేనేజర్‌కు చెప్పండి.